కళావిద్య ఏ పిల్లలకు అందుతోందో బడి లెక్కలతోనే తేల్చాలి: సంయుక్త సర్వసభ్య సమావేశ తీర్మానం

విషయం: ప్రభుత్వం ఇప్పటికే సేకరిస్తున్న పాఠశాల సమాచారాన్ని ఉపయోగించి, చిత్రలేఖనం, సంగీతం, నృత్యం, నాటకం, హస్తకళలు అందని పిల్లలను గుర్తించడం, వారికి అవి అందేలా చేయడం.

సమావేశంలో పాల్గొన్నవారు: తెలంగాణ ప్రభుత్వ, స్థానిక సంస్థల పాఠశాలల్లో పనిచేస్తున్న డ్రాయింగ్, క్రాఫ్ట్, సంగీత ఉపాధ్యాయులు, పార్ట్ టైం ఇన్‌స్ట్రక్టర్లు, ప్రధానోపాధ్యాయులు, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల సభ్యులు, పిల్లల తల్లిదండ్రులు, జానపద కళాకారులు.

పీఠిక

పదో తరగతి పాసైన విద్యార్థి మెమోలో సహపాఠ్య అంశాల కింద కళలు, సాంస్కృతిక విద్యకు ఒక గ్రేడు ఉంటుంది. డ్రాయింగ్ మాస్టారు ఉన్న బడిలో చదివిన అమ్మాయికీ ఆ గ్రేడు ఉంటుంది. ఆ మాస్టారు రిటైరై, పోస్టు ఖాళీగా మిగిలిపోయిన బడిలో చదివిన అబ్బాయికీ ఉంటుంది. అసలు ఆ పోస్టే మంజూరు కాని బడి పిల్లలకూ ఉంటుంది. మెమోలు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఏమీ కనబడదు. ఈ తీర్మానం అవసరం అక్కడే మొదలవుతోందని సమావేశం భావిస్తున్నది.

ఆ గ్రేడు ఎలా తయారవుతుందో సభ్యులందరికీ తెలిసినదే అయినా, రికార్డులో ఉండడం కోసం ఇక్కడ రాస్తున్నాం. టైంటేబుల్లో బుధవారం ఏడో పీరియడ్, ఎనిమిదో తరగతి బి సెక్షన్ గడిలో ‘ఆర్ట్’ అని ఉంటుంది. దాని కింద లెక్కల మాస్టారి పొడి అక్షరాలు ఉంటాయి. జూన్, జూలైల్లో ఆ పీరియడ్‌లో పిల్లలు ఏదో ఒక బొమ్మ గీస్తారు. సిలబస్ వెనకబడిందనగానే అదే పీరియడ్ బీజగణితానికి పోతుంది. దసరా సెలవుల తర్వాత దాన్ని అడిగేవారే ఉండరు. ఏడాది చివర సహపాఠ్య గ్రేడ్ల జాబితా వస్తే, మాస్టారు ఒకే కలంతో పై నుంచి కింది దాకా ‘ఏ’, ‘ఏ’, ‘ఏ’ అని రాసుకుంటూ పోతారు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఖాళీ గడితో జాబితా పైకి పంపే ధైర్యం ఏ ప్రధానోపాధ్యాయుడికీ (హెచ్.ఎం.) ఉండదు. పిల్లలకు అన్యాయం జరగకూడదన్న ప్రేమ కొద్దీ వేసిన గ్రేడే అది. కానీ పై అధికారుల చేతికి వెళ్లేసరికి, కళావిద్య రాష్ట్రమంతటా చక్కగా సాగుతోందనడానికి అదే రుజువుగా మారుతుంది. లేనిదాన్ని ఉన్నట్టు చూపే లెక్క వల్ల లేనిదాన్ని అడిగే దారి కూడా మూసుకుపోతుంది.

ఈ సమావేశం కింది అంశాలను పరిశీలించింది.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం తన షెడ్యూలులోనే, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి పైగా పిల్లలున్న బడికి కళావిద్య, ఆరోగ్య వ్యాయామ విద్య, పని విద్యలకు పార్ట్ టైం ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలని చెప్పింది. అంతకుముందే 2005 జాతీయ విద్యా ప్రణాళిక చట్రం పదో తరగతి వరకు కళలను తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచాలని కోరింది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన విద్యా ప్రణాళికా పరిధి పత్రం కళలు, సాంస్కృతిక విద్యను పాఠ్యప్రణాళికలో భాగంగానే చూసింది. పాఠ్యాంశాలకూ సహపాఠ్యాంశాలకూ మధ్య గోడ ఉండకూడదని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. ఆ తర్వాత ఎన్.సి.ఇ.ఆర్.టి. ఆరో తరగతికి ‘కృతి’ పేరుతో కళల పాఠ్యపుస్తకమే తెచ్చింది. సి.బి.ఎస్.ఇ. అయితే 2019లోనే ఒకటి నుంచి పన్నెండు తరగతుల దాకా వారానికి కనీసం రెండు పీరియడ్లు కళావిద్యకు ఇవ్వాలని తన బడులకు చెప్పింది. కాగితాల మీద కొరత లేదు.

కొరత నియామకాల దగ్గరే ఉంది. తెలంగాణ ఏర్పడ్డాక ఉపాధ్యాయ నియామకాలకు వచ్చిన రెండు పెద్ద నోటిఫికేషన్లను సమావేశం ముందు పెట్టుకుని చూశాం. 2017లో 8,792 పోస్టులు, 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు. 2024 లెక్క ఇలా ఉంది: స్కూల్ అసిస్టెంట్లు 2,629, భాషా పండితులు 727, పి.ఇ.టి.లు 182, సెకండరీ గ్రేడ్ టీచర్లు 6,508, ప్రత్యేక విద్యలో స్కూల్ అసిస్టెంట్లు 220, సెకండరీ గ్రేడ్ టీచర్లు 796. అన్నీ కూడితే సరిగ్గా 11,062 వస్తుంది. డ్రాయింగ్, క్రాఫ్ట్, సంగీతం అన్న మాటలకు అందులో చోటే మిగల్లేదు. 2017 జాబితా కూడా ఇంతే. మరోవైపు 2023లో గురుకులాల కోసం ఆర్ట్, క్రాఫ్ట్, మ్యూజిక్ టీచర్ పోస్టులకు విడివిడిగా నోటిఫికేషన్లు వచ్చాయి. అందుకు సమావేశం సంతోషిస్తున్నది. గురుకులంలో సీటు దొరికిన అక్కకు సంగీతం టీచరుండి, ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూలుకు వెళ్లే చెల్లెలికి లేకపోవడానికి కారణం ఏమిటో మాత్రం ఏ ఉత్తర్వూ చెప్పడం లేదు.

ఇంకొక సంగతి. రాష్ట్ర ప్రభుత్వ పరీక్షల విభాగం డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు పెడుతూనే ఉంది. పాసైనవారికి వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ ఇస్తూనే ఉంది. ఫీజు కట్టి, ఎండల్లో శిక్షణ పూర్తి చేసి, సర్టిఫికెట్ పట్టుకుని నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నవారు ఈ సభలోనే ఉన్నారు. నేర్పగలవారి జాబితా ఒక విభాగం దగ్గర, నేర్పేవారు లేని బడుల జాబితా ఇంకో విభాగం దగ్గర పడి ఉన్నాయి. రెండింటినీ ఒక బల్ల మీదికి తెచ్చినవారు లేరు.

సమాచారం లేక కాదు. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంది. సెప్టెంబరు 30 నాటి పరిస్థితి ఆధారంగా హెచ్.ఎం. ఏటా నింపే యూడైస్ ప్లస్ ఫారంలో టీచర్ల వివరాలు, గదుల వివరాలు, పార్ట్ టైం ఇన్‌స్ట్రక్టర్ల వివరాలు అడుగుతారు. 2022-23 నుంచి ఈ లెక్క విద్యార్థి వారీగా మారింది. అంటే తరగతి, సామాజిక వర్గం, మాతృభాష, వైకల్యం వంటివి ప్రతి పిల్లకూ విడిగా నమోదవుతున్నాయి. రాష్ట్రానికి తనదైన విద్యార్థి సమాచార వ్యవస్థ చైల్డ్ ఇన్ఫో ఉంది. పదో తరగతి సహపాఠ్య గ్రేడ్లు పరీక్షల విభాగం దగ్గర ఉన్నాయి. టైంటేబుల్ ప్రతి హెచ్.ఎం. గదిలో గోడకు వేలాడుతూ ఉంది. ఇన్ని ఉన్నా, ఫలానా మండలంలో ఈ ఏడాది ఒక్క కళా పీరియడ్ కూడా జరగని పిల్లలెందరు అని అడిగితే జవాబు చెప్పగలిగిన కార్యాలయం ఒక్కటీ లేదు. ఒక లెక్కను ఇంకో లెక్కతో కలిపి చదవకపోవడమే దీనికి కారణం.

పోటీల్లో గెలుపులను చూసి కళావిద్య అందరికీ అందుతోందని పొరబడే అలవాటు కూడా మన మధ్య ఉంది. 2015లో మొదలైన కళా ఉత్సవ్ మంచి వేదికే, తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల పిల్లలకు అది ఊరు దాటే అవకాశం ఇచ్చింది. కానీ బడి నుంచి ఒక్క బృందం జిల్లాకు వెళ్లిందంటే, ఆ బృందంలో లేని మిగతా పిల్లలకు ఏమీ నేర్పినట్టు కాదు. ఫోటోలో ఉన్న ఆరుగురిని కాక, ఫోటోలో లేనివారిని లెక్కపెట్టే పద్ధతి కావాలి.

ఇలా లెక్కపెట్టి చూసి దిద్దుకున్న చోట్లు ఉన్నాయి. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం తన ప్రభుత్వ బడుల్లో కళావిద్య పరిస్థితిపై ఏళ్ల తరబడి బడివారీ సమాచారం సేకరించి ప్రచురిస్తూ వచ్చింది. కోర్సు బడిలో ఉందా అన్నది ఒక ప్రశ్నగా, ఎందరు పిల్లలు అందులో కూర్చున్నారన్నది ఇంకో ప్రశ్నగా అక్కడ విడదీశారు. ప్రభుత్వ బడుల్లోని విద్యార్థులందరికీ కళావిద్య అందుబాటులోకి తెచ్చిన తొలి అమెరికా రాష్ట్రంగా న్యూజెర్సీ 2019లో తనను తాను ప్రకటించుకుంది. వాళ్ల డబ్బు, వాళ్ల బడులు వేరు. మనకు పనికొచ్చేది ఆ రెండు ప్రశ్నలను విడదీయడం ఒక్కటే.

ఇక మన చుట్టూ ఉన్న విద్వత్తు. గుస్సాడీ నృత్యానికి కనకరాజు గారికి 2021లో, పన్నెండు మెట్ల కిన్నెరకు దర్శనం మొగులయ్య గారికి 2022లో, చిందు యక్షగానానికి జనగామ జిల్లా గడ్డం సమ్మయ్య గారికి, బుర్రవీణకు నారాయణపేట జిల్లా దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీలు వచ్చాయి. చేర్యాల నకాషీ చిత్రకారులు, ఒగ్గు కళాకారులు, పేరిణి గురువులు మన మధ్యే ఉన్నారు. పద్మశ్రీ వచ్చాక సన్మానానికి పిలుస్తాం, శాలువా కప్పుతాం, క్లాసుకు మాత్రం పిలవం. స్థానిక కళాకారులను బోధకులుగా బడుల్లోకి తేవచ్చని 2020 విద్యా విధానం చెప్పిన మాటను వాడుకున్న బడులు ఎన్ని ఉన్నాయో తెలుసుకునే ఏర్పాటూ లేదు. సిద్దిపేటలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసిన కాపు రాజయ్య గారు తెలంగాణ పల్లె బతుకును దేశం చూసేలా చిత్రించారు. అలాంటి మాస్టారి ముందు కూర్చునే అదృష్టం ఈనాటి జిల్లా పరిషత్ బడి పిల్లల్లో ఎందరికుందో అదే సిద్దిపేటలోనైనా ఎవరూ చెప్పలేరు.

చివరగా, టీచర్ల మీద ఇప్పటికే పడిన భారం. హాజరుకు ఒక యాప్, మధ్యాహ్న భోజనానికి ఒక ఎంట్రీ, పుస్తకాలకు ఒక ఎంట్రీ, యూనిఫాంకు ఇంకొకటి. సిగ్నల్ లేని ఊళ్లో ఫోను పైకెత్తి పట్టుకుని బడి ఆవరణలో తిరుగుతున్న టీచరమ్మను మనమంతా చూశాం. కళావిద్యను బాగుచేస్తామంటూ ఇంకో యాప్ తెస్తే, పాఠం చెప్పే ఆ కాస్త సమయాన్నీ అది తినేస్తుంది.

పై అంశాలను చర్చించిన మీదట, ఈ సర్వసభ్య సమావేశంలో ఈ కింది విధంగా తీర్మానించడమైనది.

తీర్మానాలు

1. కొత్త యాప్ గానీ, కొత్త పోర్టల్ గానీ, కొత్త రిజిస్టరు గానీ వద్దు. యూడైస్ ప్లస్, చైల్డ్ ఇన్ఫో, సహపాఠ్య గ్రేడ్ల జాబితా, బడి టైంటేబుల్ అనే నాలుగింటిని యూడైస్ కోడ్ ఆధారంగా కలిపి చదవాలని పాఠశాల విద్యాశాఖను, సమగ్ర శిక్షా రాష్ట్ర కార్యాలయాన్ని కోరడమైనది. ఈ పని జిల్లా ఎంఐఎస్ (సమాచార నిర్వహణ) విభాగంలో జరగాలి, బడిలో కాదు. హెచ్.ఎం. అదనంగా చేయవలసిందల్లా టైంటేబుల్ నకలును ఏడాదికి రెండుసార్లు, ఆగస్టులో ఒకసారి, జనవరిలో ఒకసారి, స్కూల్ కాంప్లెక్స్ (దగ్గరి బడుల సమూహం) హెచ్.ఎం.కు అందజేయడమే. జనవరి నకలు ఎందుకంటే, అసలు సంగతి అప్పుడే బయటపడుతుంది.

2. ఒక విద్యార్థికి కళావిద్య ‘అందింది’ అని లెక్కలో రాయడానికి ఆ బడిలో టీచర్ పోస్టు ఉండడం చాలదు. ఆ పిల్ల చదివే తరగతికి, ఆ సెక్షన్‌కు, కళ నేర్పగల మనిషి ఆ ఏడాది వచ్చి ఉండాలి. వారానికి కనీసం రెండు పీరియడ్లు టైంటేబుల్లో ఉండి, వాటిలో ఎక్కువ భాగం నిజంగా జరిగి ఉండాలి. రంగులో, కాగితమో, డప్పో, హార్మోనియమో, ఏదైతే అది, పిల్ల చేతికి అంది ఉండాలి. కళా ఉత్సవ్‌కు, వార్షికోత్సవానికి ఎంపిక కావడం ఈ లెక్కలోకి రాదు. ఆగస్టు పదిహేనున జెండా వందనం దగ్గర పాట పాడించడం కూడా రాదు. ఈ నిర్వచనం మీద ఎక్కువసేపే వాదన జరిగింది. రెండు పీరియడ్లు మరీ ఎక్కువనీ, ఒకటి చాలనీ కొందరు హెచ్.ఎం.లు అన్నారు. ఒక పీరియడ్ అంటే రంగులు కలిపి కుంచె తడిపేసరికి గంట కొడతారని డ్రాయింగ్ ఉపాధ్యాయులు జవాబిచ్చారు. రెండే ఉంచాలని సమావేశం నిర్ణయించింది.

3. కళా బోధన జరగని బడి, జరగలేదని చెప్పగలిగే వీలు ఉండాలి. ఇప్పుడా వీలు లేదు. ‘ఈ ఏడాది బోధన జరగలేదు’ అనే కోడ్‌ను బడి స్థాయి సమాచారంలో చేర్చాలి. ఆ కోడ్ వాడినందుకు హెచ్.ఎం.కు మెమో గానీ, సంజాయిషీ నోటీసు గానీ ఇవ్వరాదని స్పష్టమైన ఉత్తర్వు రావాలి. నిజం రాసినవారిని దండిస్తే వచ్చే ఏడాది మళ్లీ అందరికీ ‘ఏ’లే వస్తాయి.

మొదటి ముసాయిదాలో, బోధన జరగని చోట విద్యార్థి పదో తరగతి మెమోలోనే గ్రేడుకు బదులు గీత పెట్టాలని ఉంది. దీన్ని తల్లులు గట్టిగా వ్యతిరేకించారు. సర్కారు టీచర్‌ను ఇవ్వకపోతే మా పిల్ల మెమో మీద మచ్చ ఎందుకు పడాలని వారడిగిన ప్రశ్నకు ముసాయిదా రాసినవారి దగ్గర జవాబు లేకపోయింది. అందువల్ల, కోడ్ బడి రికార్డులోనే ఉండాలనీ, విద్యార్థి మెమోను తాకరాదనీ సవరించడమైనది.

4. 2, 3 తీర్మానాల ప్రకారం తేలిన లెక్కను మండలాల వారీగా, బడి యాజమాన్యం వారీగా, తరగతి వారీగా, బాలురు బాలికలు వారీగా, సామాజిక వర్గం, మాతృభాష, వైకల్యం వారీగా విడదీసి చూడాలి. జిల్లా సగటు ఒక్కటి చెప్పి ఊరుకోరాదు. సగటు బాగుంటే గోండి మాట్లాడే పిల్లలున్న బడి, లంబాడీ తండా పక్కనున్న బడి, వినికిడి లోపం ఉన్న పిల్ల చదివే బడి అందులో మునిగిపోతాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల విషయంలో ఒక మాట అదనంగా: ఆర్ట్ పీరియడ్ వచ్చినప్పుడు వారిని వేరే గదిలో కూర్చోబెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. హాజరు పట్టీలో వారు తరగతిలో ఉన్నట్టే కనబడతారు. బొమ్మ గీయడం ఎవరికన్నా ముందు ఎవరికి అవసరమో వారే బయట కూర్చుంటున్నారు. దీన్ని ఐ.ఇ.ఆర్.పి.లు (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లు) తమ నెలవారీ సందర్శనల్లో ప్రత్యేకంగా అడిగి రాయాలి.

5. విద్యాహక్కు చట్టం షెడ్యూలులోని వంద మంది నిబంధన వల్ల ప్రాథమికోన్నత బడులు చాలావరకు లెక్కకు రాకుండా పోతున్నాయి. ఒక కాంప్లెక్స్‌లో ఒక బడిలో నలభై మంది, ఇంకోదానిలో అరవై, మూడోదానిలో ముప్పై అయిదుగురు ఉన్నారనుకుందాం. ఏదీ వంద దాటదు. ఏ బడికీ ఇన్‌స్ట్రక్టర్ రాడు. మూడింటిని కలిపితే 135 మంది. కాబట్టి కాంప్లెక్స్‌ను యూనిట్‌గా తీసుకుని, దగ్గర దగ్గర బడుల్లో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలను కూడి, వంద దాటిన ప్రతి సమూహానికి వారంలో రోజులు పంచుకుని తిరిగే ఒక కళా ఇన్‌స్ట్రక్టర్‌ను మంజూరు చేయాలి. బస్సు ఛార్జీలు గౌరవ వేతనంలో కలిపి చూపకుండా విడిగా ఇవ్వాలి. ఏ బడికి ఏ రోజు అన్నది కాంప్లెక్స్ సమావేశంలో తేల్చుకోవచ్చు, హైదరాబాద్ నుంచి రానవసరం లేదు. వంద కన్నా తక్కువగా విడిగా మిగిలిపోయే మారుమూల బడులకు తీర్మానం 8లోని ఏర్పాటు వర్తిస్తుంది.

6. ఈ లెక్క ఏటా డిసెంబరు నెలాఖరులోగా సిద్ధం కావాలి. సమగ్ర శిక్షా వార్షిక ప్రణాళిక, బడ్జెట్ ప్రతిపాదనలు రూపుదిద్దుకుని ఢిల్లీలోని ప్రాజెక్ట్ అప్రూవల్ బోర్డు ముందుకు వెళ్లే కాలానికి అంకెలు చేతిలో ఉంటేనే వాటికి విలువ. ఏప్రిల్‌లో వచ్చే నివేదిక ఎంత బాగున్నా బీరువాలోకే పోతుంది.

7. పరీక్షల విభాగం దగ్గరున్న డ్రాయింగ్ హయ్యర్ గ్రేడ్, టీటీసీ ఉత్తీర్ణుల సంఖ్యను మండలాల వారీగా, పేర్లు లేకుండా, బోధకులు లేని బడుల జాబితా పక్కన పెట్టి ప్రచురించాలి. రాబోయే డీఎస్సీలో డ్రాయింగ్, క్రాఫ్ట్, సంగీత ఉపాధ్యాయ పోస్టులను ఈ జాబితా ఆధారంగా నోటిఫై చేయాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని డిమాండ్ చేయడమైనది. ఈ ఒక్క అంశంలో ‘కోరడమైనది’ అన్న మాటకు బదులు ‘డిమాండ్’ అన్న మాటే వాడాలని సభ్యులు పట్టుబట్టారు, అలాగే ఉంచాం.

8. స్థానిక కళాకారులను బడికి పిలిచే ఏర్పాటుకు మండల విద్యాధికారి దగ్గర ఒక జాబితా ఉండాలి. కళాకారుడి పేరు, కళారూపం, వారానికి ఎన్ని గంటలు రాగలరు, ఏయే బడులకు రాగలరు అన్నవి చాలు. వారి సమ్మతితోనే పేరు చేర్చాలి. గంటల లెక్కన పారితోషికం ఇవ్వాలి. శాలువా, జ్ఞాపిక పారితోషికం కాదు. విద్యార్హత సర్టిఫికెట్ లేదన్న కారణంతో ఎవరినీ తిప్పి పంపరాదు.

ఈ విషయంలో ఒక జాగ్రత్త అవసరమని చిందు, ఒగ్గు కళాకారులే సభలో గుర్తుచేశారు. సామాజిక వర్గం గడి చూసి, చిందు ఇంటి పిల్లకు చిందే, డప్పు ఇంటి పిల్లవాడికి డప్పే నేర్పాలని ఎవరూ తేల్చరాదు. చిందు ఇంటి పిల్ల వీణ నేర్చుకుంటానంటే నేర్పాలి. వేరే ఇంటి పిల్ల డప్పు పట్టుకుంటానంటే చేతికివ్వాలి. కులాల వారీ అంకెలు అందనివారిని గుర్తించడానికే గానీ, ఎవరికి ఏది తగునో నిర్ణయించడానికి కాదని ఈ సమావేశం స్పష్టం చేస్తున్నది.

9. పిల్లల సంఖ్యను బట్టి బడికి 10,000 నుంచి 1,00,000 రూపాయల వరకు వచ్చే సమగ్ర శిక్షా కాంపోజిట్ గ్రాంటులో స్వచ్ఛతకు కనీసం పది శాతం ఖర్చు చేయాలన్న నియమం ఉంది. కళా సామగ్రికీ అదే విధంగా ఒక కనీస వాటా నిర్ణయించాలి. ఎంత శాతమన్నది ఆర్థిక విభాగంతో చర్చించి నిర్ణయించవచ్చు. వాటా నిర్ణయమయ్యేదాకా, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు తమ గ్రాంటు ఖర్చు వివరాల్లో కళా సామగ్రిని విడి పద్దుగా చూపాలని ఈ సమావేశంలో పాల్గొన్న కమిటీల సభ్యులు స్వచ్ఛందంగా ఒప్పుకున్నారు.

10. పిల్లల వ్యక్తిగత సమాచారం గడప దాటరాదు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం స్ఫూర్తిని పాటిస్తూ, బయటికి ప్రచురించే పట్టికల్లో ఏ గడిలోనైనా పది మంది కన్నా తక్కువ పిల్లలుంటే ఆ అంకె ప్రచురించరాదు. ఒక చిన్న బడిలో ‘వైకల్యం ఉన్న బాలికలు: 1’ అని రాస్తే ఆ ఊళ్లో అందరికీ ఆమె ఎవరో తెలిసిపోతుంది. పిల్లల ఫోటోలు, వీడియోలు, గీసిన బొమ్మలు సాక్ష్యం కింద అప్‌లోడ్ చేయమని అడగరాదు. ప్రైవేటు సంస్థలకు విద్యార్థి వారీ సమాచారం ఇవ్వరాదు. అదే సమయంలో బడి స్థాయి, మండల స్థాయి పట్టికలు సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ కింద ఎవరూ దరఖాస్తు చేయకుండానే తెలుగులో, ఉర్దూలో అందరికీ అందుబాటులో ఉండాలి. బడి నోటీసు బోర్డు మీద తన బడి లెక్కను తల్లి చదవగలగాలి.

11. కళావిద్య అంకెల ఆధారంగా బడులకు గానీ, మండలాలకు గానీ ర్యాంకులు ఇవ్వరాదు.

12. ఈ పద్ధతిని మొదటి ఏడాది ప్రతి జిల్లాలో ఒక కాంప్లెక్స్‌లో నడిపి చూడాలి. అక్కడి టైంటేబుల్ నకళ్లకూ, పిల్లల నోటుబుక్కులకూ పొంతన ఉందో లేదో సి.ఆర్.పి. (క్లస్టర్ రిసోర్స్ పర్సన్), ఒక కళా ఉపాధ్యాయుడు, ఇద్దరు తల్లులు కలిసి కూర్చుని సరిచూడాలి. అంకె సరైనదా కాదా అని తేల్చేది తనిఖీ అధికారి సంతకం కాదు, పిల్ల దగ్గరున్న డ్రాయింగ్ పుస్తకం.

తిరస్కరించిన ప్రతిపాదనలు

కళావిద్యకు గ్రేడు బదులు మార్కులు పెట్టి పదో తరగతి మొత్తంలో కలపాలన్న ప్రతిపాదన చర్చకు వచ్చింది. అలా చేస్తేనే ప్రైవేటు బడులు, తల్లిదండ్రులు దీన్ని పట్టించుకుంటారని ప్రతిపాదించినవారి వాదన. అందులో నిజం లేకపోలేదు. అయితే మార్కులు రాగానే గైడ్లు వస్తాయి, బిట్ పేపర్లు వస్తాయి, బొమ్మ గీయడం బట్టీ పట్టడమవుతుందని మెజారిటీ సభ్యులు భావించినందున ప్రతిపాదన వీగిపోయింది.

కళా ఉపాధ్యాయుల హాజరును ముఖ గుర్తింపు యాప్‌తో పీరియడ్ వారీగా నమోదు చేయాలన్న ఇంకో ప్రతిపాదనను తీర్మానం 1కి విరుద్ధమని అధ్యక్షులు చర్చకు అనుమతించలేదు.

అమలు

ఈ తీర్మానం ప్రతులను పాఠశాల విద్యాశాఖ సంచాలకులకు, సమగ్ర శిక్షా రాష్ట్ర పథక సంచాలకులకు, ప్రభుత్వ పరీక్షల విభాగం సంచాలకులకు, రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థకు, జిల్లా కలెక్టర్లకు, జిల్లా విద్యాశాఖాధికారులకు, శాసనసభ, మండలి సభ్యులకు పంపాలని కార్యదర్శిని ఆదేశించడమైనది. అధికారుల జవాబు కోసం ఎదురుచూడకుండా, ఈ సమావేశంలో పాల్గొన్న ప్రతి బడి తన టైంటేబుల్ నకలును, అందులో కళా పీరియడ్లు ఎన్ని జరిగాయో ఎన్ని పోయాయో గుర్తుపెట్టి, తదుపరి సర్వసభ్య సమావేశానికి తీసుకురావాలి.

తీర్మానం 3పై వచ్చిన సవరణతో సహా మొత్తం తీర్మానాన్ని సభ చేతులెత్తి ఆమోదించింది. తీర్మానం 2లోని రెండు పీరియడ్ల నియమంపై తమ అసమ్మతిని నమోదు చేయాలని కొందరు ప్రధానోపాధ్యాయులు కోరగా, మినిట్స్ పుస్తకంలో నమోదు చేయడమైనది.